వరదలో మునిగిన విద్యుత్ కారు పునరుద్ధరణ

వరదలో మునిగిన విద్యుత్ కారు పునరుద్ధరణ అనగా వరద నీటిలో గానీ, తుఫాను ఉప్పెన నీటిలో గానీ మునిగిన విద్యుత్ కారును శుభ్రపరచి, పరీక్షించి, పాడైన భాగాలను మార్చి తిరిగి వాడుకకు తెచ్చే ప్రక్రియ. పెట్రోలు, డీజిలు కార్ల విషయంలో ఈ పనిలో చాలా భాగం మామూలు మెకానిక్కు షెడ్డులోనే జరిగిపోతుంది. విద్యుత్ కారులో మాత్రం అడుగుభాగాన ఉండే అధిక వోల్టేజి బ్యాటరీ వలన ఈ పని రెండు భాగాలుగా విడిపోతుంది. మొదటిది యజమాని ఇంటివద్ద జాగ్రత్తగా చేసుకోదగినది. రెండవది శిక్షణ పొందిన నిపుణులు తగిన పరికరాలతో మాత్రమే చేయదగినది. ఈ రెండింటికీ మధ్య గల సరిహద్దును తెలుసుకోవడమే ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యం.

మునిగిన విద్యుత్ కారు వలన కలిగే ప్రమాదం నీటితో పాటు తొలగిపోదు. నీరు ఆరిన తరువాత మిగిలే ఉప్పు, ఒండ్రు, తుప్పు రోజుల తరబడి తమ పని తాము చేస్తూనే ఉంటాయి. పైకి బాగానే కనిపించే కారు కొన్ని రోజులకో, కొన్ని వారాలకో మంటలు అంటుకున్న సందర్భాలు ఉన్నాయి.

నేపథ్యం

ఆంధ్రప్రదేశ్ తీరప్రాంతంలో తుఫానులు, వరదలు తరచుగా సంభవిస్తుంటాయి. విశాఖపట్నానికి నైరుతి దిక్కున ఉన్న అచ్యుతాపురం ఇందుకు మంచి ఉదాహరణ. ఇది పూర్వం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరింది. ఈ మండలంలోని పూడిమడక సముద్రతీరాన ఉన్న మత్స్యకార గ్రామం. మండలంలో ప్రత్యేక ఆర్థిక మండలి కూడా ఉన్నది. అక్కడి పరిశ్రమలకు విశాఖపట్నం, గాజువాక, అనకాపల్లి వైపుల నుండి ఉద్యోగులు రాకపోకలు సాగిస్తుంటారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు సుమారు 180 కి.మీ. వేగంతో వీచిన గాలులతో విశాఖపట్నం వద్ద తీరం దాటింది. ఆ తుఫానుకు విద్యుత్ సరఫరా వ్యవస్థ దెబ్బతిని అనేక ప్రాంతాలు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి. అప్పటికి ఈ ప్రాంతంలో విద్యుత్ కార్లు అరుదు. ఆ తరువాతి దశాబ్దంలో పరిస్థితి మారింది.

2024 సెప్టెంబరు 1న బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్ తదితర ప్రాంతాలు నీట మునిగాయి. అదే సమయంలో కృష్ణానదికి కూడా భారీ వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ నుండి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు విడుదలైనది. అది ఆ బ్యారేజీ చరిత్రలోనే అత్యధికం. ఇండ్ల ముందు, సెల్లార్లలో నిలిపి ఉంచిన ద్విచక్ర వాహనాలు, ఆటోలు, కార్లు పెద్ద సంఖ్యలో మునిగిపోయాయి. కొన్ని చోట్ల రోజుల తరబడి నీరు తీయలేదు. వాహనాల బీమా పరిహారాన్ని త్వరగా చెల్లించవలసినదిగా రాష్ట్ర ప్రభుత్వం బీమా సంస్థలను కోరింది.

ఈ రెండు సంఘటనలూ రెండు రకాల ముంపుకు ఉదాహరణలు. విజయవాడ వరద వాగు నీటిది, అనగా మంచినీటిది. అచ్యుతాపురం వంటి తీర మండలంలో వాగులు, చెరువులు పొంగినప్పుడు మంచినీటి ముంపు, ఉప్పెన వచ్చినప్పుడు ఉప్పునీటి ముంపు రెండూ సంభవించవచ్చును. కారు ఏ నీటిలో మునిగినది అనే దానిపైనే తరువాతి నిర్ణయాలు చాలావరకు ఆధారపడి ఉంటాయి.

విద్యుత్ కారులోని రెండు విద్యుత్ వ్యవస్థలు

విద్యుత్ కారులో రెండు వేర్వేరు విద్యుత్ వ్యవస్థలు ఉంటాయి.

1. అల్ప వోల్టేజి వ్యవస్థ: ఇది 12 వోల్టులది. దీపాలు, హారన్, అద్దాలు, తలుపు తాళాలు, కంప్యూటర్ యూనిట్లు దీనిపై పనిచేస్తాయి. దీని ఋణధ్రువం కారు బాడీకి కలపబడి ఉంటుంది.

2. అధిక వోల్టేజి వ్యవస్థ: ఇది సాధారణంగా 300 నుండి 400 వోల్టులది. కొన్ని ఖరీదైన కార్లలో 800 వోల్టుల వరకు ఉంటుంది. బ్యాటరీ, మోటారు, ఇన్వర్టరు, చార్జరు, ఏసీ కంప్రెసరు ఇందులోని భాగాలు. వీటిని కలిపే తీగలకు నారింజ రంగు తొడుగు ఉంటుంది.

అధిక వోల్టేజి వ్యవస్థ యొక్క రెండు ధ్రువాలలో ఏదీ కారు బాడీకి కలపబడి ఉండదు. అందువలన నీటిలో నిలిచి ఉన్న కారు బాడీని తాకినంత మాత్రాన షాక్ కొట్టే అవకాశం తక్కువ. అయితే ఈ రక్షణ అంతా తీగలు, తొడుగులు, పెట్టెలలోని విద్యుద్బంధకం చెక్కుచెదరకుండా ఉన్నంతవరకే. ఏకముఖ విద్యుత్తులో 60 వోల్టులు దాటితే ప్రమాదకరమని వాహన భద్రతా ప్రమాణాలు పరిగణిస్తాయి. కారు బ్యాటరీ అంతకు ఐదారు రెట్లు ఎక్కువ.

బ్యాటరీలో అనేక లిథియం-అయాన్ ఘటాలు ఉంటాయి. వీటిలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం ఘటం వోల్టేజి సుమారు 3.2 వోల్టులు. అటువంటివి వంద శ్రేణిలో కలిపితే 320 వోల్టులు వస్తాయి. కారు తాళం తీసినపుడు కాంటాక్టర్లు అనే స్విచ్చులు తెరుచుకొని బ్యాటరీని మిగిలిన కారు నుండి వేరు చేస్తాయి. కానీ బ్యాటరీ పెట్టె లోపల ఘటాల మధ్య ఉన్న వోల్టేజి అలాగే ఉంటుంది. పెట్రోలు ట్యాంకును ఖాళీ చేసినట్లు దీనిని ఇంటివద్ద ఖాళీ చేయడానికి వీలులేదు.

నీటి వలన కలిగే హాని

శుద్ధమైన నీరు విద్యుత్తును అంతగా ప్రసరింపనీయదు. అందులో లవణాలు కరిగే కొద్దీ వాహకత పెరుగుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. సముద్రపు నీటి వాహకత సాధారణ మంచినీటి వాహకతకు వంద రెట్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటే ఎక్కువ.

ఉప్పునీటిలో రెండు ధ్రువాలు ఉన్నపుడు విద్యుద్విశ్లేషణ జరుగుతుంది. దీనిని పాఠశాల ప్రయోగశాలలో చిన్న బ్యాటరీతోనే చూపవచ్చును. నీరు విశ్లేషణ చెందడానికి సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు చాలును. 12 వోల్టుల వ్యవస్థ కూడా ఇందుకు సరిపోతుంది. ఉప్పునీటి విషయంలో హైడ్రోజన్, క్లోరిన్ వాయువులు వెలువడతాయి. వీటిలో మొదటిది మండేది, రెండవది విషపూరితమైనది. అదే సమయంలో ధనధ్రువం వద్ద ఉన్న లోహం కరిగిపోతుంది. కనెక్టర్లలోని రాగి పిన్నులకు పచ్చని చిలుము పట్టడం, కొద్ది రోజులలోనే పిన్నులు అరిగిపోవడం ఇందువలననే.

నీరు ఆరిన తరువాత లవణాలు ఒక పొరగా మిగులుతాయి. ఈ పొర గాలిలోని తేమను పీల్చుకొని తిరిగి విద్యుద్వాహకంగా మారుతుంది. తీరప్రాంతపు గాలిలో తేమ అధికంగా ఉంటుంది కనుక ఈ ప్రక్రియ అక్కడ త్వరగా జరుగుతుంది. బ్యాటరీ పెట్టె లోపల ఇటువంటి పొర ఏర్పడితే ఘటాల మధ్య చిన్న విద్యుత్ ప్రవాహం మొదలై, ఉప్పు పొర గుండా దారి ఏర్పడి, క్రమంగా షార్ట్ సర్క్యూట్‌గా మారవచ్చును. ఒక ఘటం వేడెక్కి దాని ఉష్ణోగ్రత అదుపు తప్పితే ఆ వేడి పక్క ఘటానికి, అక్కడి నుండి మరొక దానికి వ్యాపిస్తుంది. దీనినే థర్మల్ రనవే అంటారు. ఘటాలలోని విద్యుద్విశ్లేష్యంలో సాధారణంగా ఉండే లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ నీటితో చర్య జరిపినపుడు హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే తీవ్రమైన విషవాయువు వెలువడుతుంది.

మంచినీటి వరదలో ఈ ప్రమాదం తక్కువే గానీ లేకపోలేదు. వరద నీరు వర్షపు నీరు వలె శుభ్రంగా ఉండదు. అందులో ఒండ్రు, మురుగు, నూనెలు, ఎరువుల లవణాలు కలిసి ఉంటాయి.

మునిగిన విద్యుత్ కార్లలో అధిక భాగం మంటలు అంటుకోవు. కానీ వాటిలో ఏది అంటుకుంటుందో బయటి నుండి చూచి చెప్పడం సాధ్యం కాదు. అందుచేత ప్రతి కారునూ అనుమానించవలసి వస్తుంది.

ఐపీ 67 అనగా ఏమి?

విద్యుత్ కార్ల ప్రకటనలలో బ్యాటరీకి ఐపీ 67 రక్షణ ఉన్నదని తరచుగా కనిపిస్తుంది. ఇందులో మొదటి అంకె 6 ధూళి లోపలికి చొరబడదని తెలుపుతుంది. రెండవ అంకె 7 అనగా 1 మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉంచినా హాని కలిగించేంత నీరు లోపలికి పోదని అర్థం. ఈ పరీక్షను మంచినీటిలో జరుపుతారు.

దీనిని బట్టి మూడు విషయాలు గ్రహించవచ్చును. మొదటిది, రోజుల తరబడి మునిగి ఉన్న కారుకు ఈ హామీ వర్తించదు. రెండవది, ఉప్పునీటికి ఈ హామీ వర్తించదు. మూడవది, పరీక్ష జరిగినది కొత్త పెట్టెకు. గతుకుల రోడ్లపై అడుగుభాగానికి రాళ్ళు తగిలి, రబ్బరు సీళ్ళు పాతబడిన పెట్టెకు కాదు. పైగా నడిచి వేడెక్కిన బ్యాటరీ ఒక్కసారిగా చల్లని నీటిలో మునిగితే లోపలి గాలి సంకోచించి, సీలులోని చిన్న లోపం గుండా కూడా నీటిని లోపలికి పీల్చుకొంటుంది.

నీటి మట్టాన్ని బట్టి నష్టం

కారుపై ఒండ్రు వదిలిన గీత నీరు ఎంత ఎత్తు వరకు వచ్చినదో చూపుతుంది. కడగక ముందే దీనిని కొలిచి ఫోటో తీయాలి.

* చక్రం సగం వరకు: బ్రేకులు, చక్రాల బేరింగులు పరీక్షించాలి. బ్యాటరీ అడుగుభాగాన ఉంటుంది కనుక ఈ మట్టంలోనే అది నీటిని తాకి ఉండవచ్చును. నీరు ఎంతసేపు నిలిచినదో ముఖ్యం.
* కారు లోపలి నేల వరకు: తివాచీలు, వాటి కింది స్పాంజి, నేల వెంట పోయే తీగల కట్టలు తడుస్తాయి. చాలా కార్లలో కొన్ని కంప్యూటర్ యూనిట్లు సీట్ల కిందనే ఉంటాయి.
* సీటు వరకు: మోటారు, చార్జరు, చార్జింగ్ సాకెట్టు, సీటు బెల్టు యంత్రాంగం మునిగినట్లే. బ్యాటరీ పూర్తిగా మునిగినట్లు లెక్క.
* డాష్‌బోర్డు వరకు లేక ఆ పైన: సాధారణంగా బాగుచేయడం ఆర్థికంగా లాభదాయకం కాదు. ఉప్పునీరైతే ఇంకా తక్కువ మట్టంలోనే ఈ నిర్ణయానికి రావలసి ఉంటుంది.

మొదటి రోజు తీసుకోవలసిన జాగ్రత్తలు

వరద హెచ్చరిక వచ్చినపుడు కారును ఎత్తైన చోటికి చేర్చడం, చార్జరును సాకెట్టు నుండి తీసివేయడం ఉత్తమం. మునిగిపోయిన తరువాత ఈ క్రింది నియమాలు పాటించాలి.

1. నీరు పూర్తిగా తీయక ముందు కారు దగ్గరకు పోరాదు. బుసబుసమనే శబ్దం, బుడగలు, పొగ, ఘాటైన వాసన కనిపిస్తే దూరంగా వెళ్ళి 112 గానీ, 101 గానీ పిలవాలి.
2. కారును ఆన్ చేసి చూడరాదు. పెట్రోలు కారులో నీరు ఇంజనులోకి పోయి ఇంజను బిగుసుకుపోతుంది. విద్యుత్ కారులో అటువంటి అడ్డంకి లేనందున అది కదిలినా కదలవచ్చును. కదిలినంత మాత్రాన బాగున్నదని అర్థం కాదు.
3. ఎట్టి పరిస్థితిలోనూ చార్జింగు పెట్టరాదు.
4. కారును ఇల్లు, గడ్డివాము, ఇతర వాహనాల నుండి కనీసం 15 మీటర్ల దూరంలో ఆరుబయట ఉంచాలి. అమెరికా రహదారి భద్రతా సంస్థ సూచించిన 50 అడుగుల దూరం ఇదే. అపార్టుమెంటు సెల్లారు ఇందుకు ఏమాత్రం తగినది కాదు.
5. కారును నాలుగు చక్రాలూ పైకెత్తి లారీ మీదనే తరలించాలి. తాడు కట్టి లాగితే చక్రాలతో పాటు మోటారు తిరిగి జనరేటరు వలె విద్యుత్తును పుట్టిస్తుంది.
6. వరద నీటిలో మురుగు కలిసి ఉంటుంది కనుక చేతి తొడుగులు, బూట్లు లేకుండా పని చేయరాదు. ఎలుకల మూత్రం ద్వారా వ్యాపించే లెప్టోస్పైరోసిస్ వరదల తరువాత తరచుగా కనిపించే వ్యాధి.

బీమా

సమగ్ర బీమా ఉన్న కారుకు వరద నష్టం వర్తిస్తుంది. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్నచో వర్తించదు. బీమా సంస్థకు వెంటనే తెలియజేసి, సర్వేయరు వచ్చి చూచువరకు భాగాలు విప్పకుండా ఉండాలి. మునిగిన కారును ఆన్ చేసి చూచినందువలన పెరిగిన నష్టాన్ని బీమా సంస్థలు తిరస్కరించే అవకాశం ఉన్నది.

బాగుచేయడానికి అయ్యే ఖర్చు బీమా చేసిన విలువలో 75 శాతాన్ని మించితే దానిని సంపూర్ణ నష్టంగా పరిగణిస్తారు. విద్యుత్ కారు ధరలో సుమారు మూడవ వంతు, కొన్నిటిలో అంతకు మించి, బ్యాటరీదే. కాబట్టి బ్యాటరీ పోయి, దానితో పాటు మోటారు, చార్జరు కూడా పోయినచో కారు ఈ హద్దును తేలికగా దాటిపోతుంది. ఇంటివద్ద బాగుచేయాలనే ఆలోచన ఎక్కువగా సమగ్ర బీమా లేనివారికి, లేక తుక్కు ధరకు మునిగిన కారును కొన్నవారికి వస్తుంది. అనగా నష్టాన్ని భరించే శక్తి తక్కువ ఉన్నవారే ప్రమాదానికి ఎక్కువ దగ్గరగా పోవలసి వస్తున్నది. అందుకే ఏ పని ఇంటివద్ద చేయదగినదో స్పష్టంగా తెలిసి ఉండడం అవసరం.

ఇంటివద్ద చేయదగిన పనులు

ఈ పనులన్నీ ఆరుబయట, పగటివేళ, ఇద్దరు మనుషులు ఉన్నపుడు చేయడం మంచిది. నారింజ రంగు తీగలను, వాటికి కలిపిన పెట్టెలను ముట్టుకోరాదు.

12 వోల్టుల బ్యాటరీని వేరుచేయడం: ముందుగా ఋణధ్రువం తీగను, తరువాత ధనధ్రువం తీగను విప్పాలి. దీనివలన అల్ప వోల్టేజి వ్యవస్థలో విద్యుద్విశ్లేషణ ఆగుతుంది. అధిక వోల్టేజి కాంటాక్టర్లకు కూడా 12 వోల్టులే ఆధారం కనుక అవి మూసుకొనే అవకాశం ఉండదు. అయితే ఇన్వర్టరులోని కెపాసిటర్లలో కొంతసేపు విద్యుదావేశం నిలిచి ఉంటుందని మరువరాదు.

లోపలి భాగాలను ఆరబెట్టడం: తివాచీలు, వాటి కింది స్పాంజి తీసివేయాలి. స్పాంజిని ఆరబెట్టడం కంటే మార్చడమే మేలు. పైన ఆరినట్లు కనిపించినా లోపల తేమ నెలల తరబడి నిలిచి కంపు కొడుతుంది, నేల రేకును తుప్పు పట్టిస్తుంది. సీట్లు విప్పేటపుడు పసుపు రంగు కనెక్టర్లను కదపరాదు. అవి ఎయిర్ బ్యాగులకు, సీటు బెల్టులను బిగించే పేలుడు పరికరాలకు చెందినవి. వాటిని సర్వీసు కేంద్రం వారి చేతనే తీయించాలి.

ఒండ్రును కడగడం: ఒండ్రు ఎండక ముందే మంచినీటితో తక్కువ ఒత్తిడిలో కడగాలి. ఉప్పునీటిలో మునిగిన కారును పలుమార్లు కడగవలసి ఉంటుంది. బ్యాటరీ పెట్టె మీదికి, చార్జింగ్ సాకెట్టులోకి ఒత్తిడితో నీరు కొట్టరాదు.

కనెక్టర్లు, సర్క్యూట్ బోర్డులు: 12 వోల్టుల యూనిట్లను విప్పి, మొదట మంచినీటితో, తరువాత డిస్టిల్డ్ వాటరుతో, చివరకు ఐసోప్రోపైల్ ఆల్కహాలుతో మెత్తని బ్రష్షు ఉపయోగించి శుభ్రపరచాలి. ఆల్కహాలు త్వరగా మండే పదార్థం కనుక దగ్గరలో నిప్పు ఉండరాదు. పచ్చని చిలుము పట్టిన పిన్నులు గీకితే మెరుస్తాయి గానీ వాటి పూత పోయి మళ్ళీ త్వరలోనే పాడవుతాయి. అటువంటి కనెక్టరును మార్చడమే సరైన పని. ప్రతి కనెక్టరును విప్పక ముందు ఫోటో తీసి, కాగితపు చీటీ అంటించి, ఒక నోటు పుస్తకంలో వ్రాసుకొంటే తిరిగి కలిపేటపుడు తికమక ఉండదు.

ఆరబెట్టడం: తలుపులు తెరిచి, ఫ్యాను గాలి తగిలేటట్లు కొన్ని రోజులు ఉంచాలి. హీట్ గన్ను, మంట వాడరాదు.

బేరింగులు, బ్రేకులు: గ్రీజులో నీరు కలిస్తే అది తెల్లగా పాల రంగుకు మారుతుంది. అటువంటి బేరింగులను మార్చాలి.

ఇంటివద్ద చేయకూడని పనులు

అధిక వోల్టేజి బ్యాటరీ పెట్టెను తెరవడం, నారింజ రంగు తీగలను విప్పడం, ఇన్వర్టరు, చార్జరు మూతలు తీయడం ఇంటివద్ద చేయరాదు. వీటికి 1000 వోల్టుల స్థాయి రబ్బరు చేతి తొడుగులు, విద్యుద్బంధక పనిముట్లు, ముఖ కవచం అవసరం. అన్నిటికంటే ముఖ్యంగా ఆ కారు నమూనాకు సంబంధించిన శిక్షణ అవసరం. ఇంటి విద్యుత్ పని తెలిసినవారికి 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు అలవాటు. అక్కడ మెయిన్ స్విచ్ ఆపితే విద్యుత్తు పోతుంది. బ్యాటరీ లోపల అటువంటి మెయిన్ స్విచ్ లేదు. పైగా ఏకముఖ విద్యుత్తులో ఏర్పడే ఆర్క్ తనంతట తాను త్వరగా ఆరిపోదు.

బ్యాటరీని ఉప్పునీటి తొట్టిలో ముంచి ఖాళీ చేయడం, విడదీసి మంచి ఘటాలను ఏరి ఇంటి ఇన్వర్టరుకు వాడుకోవడం కూడా తగనివి. నీరు తగిలిన ఘటం వోల్టేజి సరిగానే చూపుతూ లోపల పాడై ఉండవచ్చును.

వర్క్‌షాపులో జరిపే పరీక్షలు

సంస్థ అధీకృత సర్వీసు కేంద్రంలో ముందుగా కారును కొన్ని రోజులు విడిగా ఉంచి గమనిస్తారు. ఆ తరువాత జరిపే పరీక్షలలో ముఖ్యమైనవి ఇవి.

విద్యుద్బంధక నిరోధం: అధిక వోల్టేజి వ్యవస్థకూ, కారు బాడీకీ మధ్య నిరోధాన్ని కొలుస్తారు. భద్రతా ప్రమాణాల ప్రకారం ఏకముఖ విద్యుత్ భాగాలకు ఇది వోల్టుకు కనీసం 100 ఓములు, ఏకాంతర విద్యుత్ భాగాలకు వోల్టుకు 500 ఓములు ఉండాలి. 320 వోల్టుల బ్యాటరీకి మొదటి లెక్కన 32,000 ఓములు అవుతుంది. ఓమ్ నియమం ప్రకారం 320 వోల్టులను 32,000 ఓములతో భాగిస్తే 0.01 ఆంపియరు, అనగా 10 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. మనిషి శరీరం గుండా పోవడానికి అంతకు మించి అనుమతించరాదని ఈ హద్దు భావం. మంచి స్థితిలో ఉన్న కారులో ఈ నిరోధం లక్షల ఓములలో ఉంటుంది. తేమ చేరిన కారులో ఇది రోజురోజుకూ పడిపోతుంది. అందువలన ఒక్కసారి కొలిస్తే చాలదు, కొన్ని రోజుల వ్యవధిలో మళ్ళీ మళ్ళీ కొలవాలి.

ఘటాల వోల్టేజి: అన్ని ఘటాలూ దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి రెండు మాత్రమే దిగజారుతుంటే లోపల విద్యుత్తు కారిపోతున్నదని గుర్తు.

గాలి ఒత్తిడి పరీక్ష: బ్యాటరీ పెట్టెలోకి కొద్ది ఒత్తిడితో గాలిని పంపి సీళ్ళు నిలుస్తున్నాయో లేదో చూస్తారు.

పెట్టె లోపలికి ఉప్పునీరు చేరినదని తేలితే బ్యాటరీని మార్చడం తప్ప వేరు మార్గం లేదు.

కొన్ని ఉదాహరణలు

రేవా: బెంగుళూరులో తయారై 2001లో విడుదలైన రేవా భారతదేశపు తొలితరం విద్యుత్ కార్లలో ప్రసిద్ధమైనది. తొలి రేవాలో 6 వోల్టుల లెడ్-ఆసిడ్ బ్యాటరీలు 8 ఉండేవి, మొత్తం 48 వోల్టులు. ఇది 60 వోల్టుల హద్దుకు లోపలే. లారీ బ్యాటరీల పని తెలిసిన మెకానిక్కుకు ఇటువంటి కారు కొత్తగా తోచదు. ఒక బ్యాటరీ పాడైతే అది ఒక్కటే మార్చవచ్చును. అయితే లెడ్-ఆసిడ్ బ్యాటరీ కూడా షార్ట్ అయితే భారీ విద్యుత్ ప్రవాహాన్ని ఇస్తుంది, చార్జింగులో హైడ్రోజన్‌ను వదులుతుంది. ఆ తరం కార్ల అనుభవాన్ని నేటి 300 వోల్టుల కార్లకు వర్తింపజేయరాదు.

శాండీ హరికేన్: 2012 అక్టోబరు చివరలో అమెరికాలోని న్యూజెర్సీలో నెవార్క్ రేవు వద్ద నిలిపి ఉంచిన 16 ఫిస్కర్ కర్మా కార్లు సముద్రపు నీటిలో మునిగిన తరువాత కాలిపోయాయి. ఇవి పెట్రోలు ఇంజను కూడా ఉన్న విద్యుత్ కార్లు. మంటకు మూలం పెద్ద బ్యాటరీ కాదని, ఒక కారులో 12 వోల్టులపై పనిచేసే కంట్రోల్ యూనిట్‌లో ఉప్పు వలన ఏర్పడిన షార్ట్ సర్క్యూట్ అని ఆ సంస్థ విచారణలో తేలింది. బలమైన గాలికి మంట మిగిలిన కార్లకు వ్యాపించింది. 12 వోల్టుల బ్యాటరీని ముందుగా వేరు చేయాలనే నియమం విలువ ఈ సంఘటన తెలుపుతుంది.

ఇయాన్ హరికేన్: 2022 సెప్టెంబరు 28న ఫ్లోరిడా తీరాన్ని తాకిన ఈ తుఫాను తరువాత ఉప్పునీటిలో మునిగిన పలు విద్యుత్ కార్లు వేర్వేరు రోజులలో మంటలు అంటుకున్నాయి. ఆర్పినట్లు కనిపించిన బ్యాటరీలు తిరిగి రాజుకోవడం అగ్నిమాపక దళాలకు పెద్ద సమస్య అయినది. ఒక్కొక్క కారుకు వేల లీటర్ల నీరు అవసరమైనది.

రిచ్ బెనోయిట్: అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన ఇతడు నీట మునిగిన టెస్లా మోడల్ ఎస్ కారును కొని, ఇంటివద్ద విప్పి బాగుచేసి ఆ పని వీడియోల ద్వారా ప్రసిద్ధుడైనాడు. మునిగిన కారు బ్యాటరీ పనికిరాకపోవడంతో మరొక దెబ్బతిన్న కారును కొని దాని భాగాలను వాడవలసి వచ్చింది. తరువాత 2019లో సహచరులతో కలిసి న్యూ హాంప్‌షైరులో విద్యుత్ కార్ల మరమ్మతు కేంద్రం ప్రారంభించాడు. ఇంటివద్ద పునరుద్ధరణ అసాధ్యం కాదని చెప్పడానికి ఇతనిని తరచుగా పేర్కొంటారు. కానీ ఇక్కడ కూడా నీట మునిగిన బ్యాటరీని బాగుచేయలేదు, మార్చవలసి వచ్చింది అన్నది గమనించదగిన విషయం.

చట్ట నిబంధనలు

* మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. వేరే సామర్థ్యం గల బ్యాటరీని, స్థానికంగా కూర్చిన బ్యాటరీని అమర్చడానికి ముందు రవాణా శాఖ వారిని సంప్రదించాలి.
* అదే చట్టంలోని 55వ సెక్షను ప్రకారం వాహనం పూర్తిగా నాశనమైనా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా యజమాని 14 రోజులలో లేక వీలైనంత త్వరగా రిజిస్టరింగు అధికారికి తెలియజేయాలి.
* ద్విచక్ర విద్యుత్ వాహనాల అగ్నిప్రమాదాల తరువాత భారత ప్రభుత్వం బ్యాటరీ భద్రతా ప్రమాణాలైన ఏఐఎస్ 156, ఏఐఎస్ 038 లను సవరించి, 2022 డిసెంబరు నుండి రెండు దశలలో అమలులోకి తెచ్చింది. వీటిలో రెండవది కార్లకు వర్తిస్తుంది.
* బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి పునర్వినియోగానికి పంపే బాధ్యత ఉత్పత్తిదారులది. పాడైన కారు బ్యాటరీని పాత ఇనుము కొట్టుకు అమ్మడం నియమ విరుద్ధం, ప్రమాదకరం.

మునిగిన కారును కొనేవారికి సూచనలు

వరదల తరువాత మునిగిన కార్లు శుభ్రపరచబడి దూర ప్రాంతాలలో అమ్మకానికి వస్తుంటాయి. కొనేవారు సీటు బెల్టును చివరివరకు లాగి ఒండ్రు మరక చూడాలి. సీటు కింది బోల్టుల తుప్పు, డిక్కీలో స్పేర్ చక్రం గుంట, దీపాల లోపలి తేమ పరిశీలించాలి. తివాచీలు మాత్రమే కొత్తవిగా ఉంటే కారణం అడగాలి. బీమా క్లెయిముల చరిత్ర, సర్వీసు కేంద్రం వారి బ్యాటరీ పరీక్ష పత్రం చూడకుండా విద్యుత్ కారును కొనరాదు. కొన్న తరువాత చార్జింగు మొదలుపెట్టేది ఇంటి వాకిలిలోనే కనుక ఈ జాగ్రత్త కుటుంబమంతటికీ సంబంధించినది.

ఇవి కూడా చూడండి

* విద్యుత్ వాహనం
* లిథియం-అయాన్ బ్యాటరీ
* విద్యుద్విశ్లేషణ
* హుద్‌హుద్ తుఫాను
* బుడమేరు
* అచ్యుతాపురం